కాటా పెట్టె శుభ్రత – సంఘం మీద నమ్మకం

(మంత్రాలయంలో పాల సంఘాల కార్యదర్శులు, పరీక్షకులు, సభ్యుల సమావేశంలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల పుస్తకాలు తనిఖీ చేయడానికి మేము గ్రామాలకు వచ్చినప్పుడు సభ్యులు మమ్మల్ని పుస్తకాల సంగతి అంతగా అడగరు. వారు అడిగేది ఒక్కటే: "సారూ, మిషను సరిగా చూపిస్తాందా?" ఈ ప్రశ్నలో న్యాయం ఉన్నది. పూర్వం పాలు కొలపాత్రతో కొలిచేవారు. వెన్న శాతం గెర్బర్ గొట్టంలో చూసేవారు. గొట్టంలో వెన్న ఏ గీత దగ్గర నిలిచిందో, అక్షరం రాని సభ్యుడు కూడా కంటితో చూడగలిగేవాడు. నేడు ఎలక్ట్రానిక్ కాటా ఒక అంకె చూపుతుంది, పాలు పరీక్షించే యంత్రం మరొక అంకె చూపుతుంది. ఆ అంకె ఎట్లా వచ్చిందో కంటికి కనబడదు. నమ్మవలసి వస్తుంది. అందుచేత ఈరోజు ఆ అంకె చూపే పెట్టెను గురించి, దానిని సంఘంలోనే, ఇంటివద్దనే శుభ్రం చేసుకొనే పద్ధతిని గురించి, మనం చేయగల చిన్న మరమ్మతులను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము. మనం చేయకూడని పనులు కూడా చెబుతాము. అవి ఇంకా ముఖ్యమైనవి.

పెట్టెలో ఏమున్నది?

పెద్ద గుళ్లలో, రైల్వే స్టేషన్లలో లోపలికి పోయేటప్పుడు మనుషులను తనిఖీ చేసే మెటల్ డిటెక్టరును మీరందరూ చూసియుంటారు. పశువు మేతతోపాటు మేకునో, తీగముక్కనో మింగిందేమోనని అనుమానం వచ్చినప్పుడు పశువైద్యులు కూడా అటువంటి యంత్రంతో పొట్ట పక్కన వెదుకుతారు. అందులో ఒక తీగచుట్ట ఉంటుంది. దగ్గరలో లోహం ఉంటే ఆ చుట్టలోని విద్యుత్తులో అతి స్వల్పమైన మార్పు వస్తుంది. ఆ మార్పును పెట్టె పెద్దది చేసి, చప్పుడుగానో దీపంగానో మనకు తెలియజేస్తుంది.

మన కాటాలో జరిగేదీ ఇదే. పాల కేను పెట్టే పలక కింద లోడ్‌సెల్ అనే లోహపు దిమ్మ ఉంటుంది. బరువు పడితే అది కంటికి కనబడనంతగా వంగుతుంది. ఆ వంపువల్ల వోల్టులో వెయ్యవ వంతుల లెక్కలో మార్పు పుడుతుంది. పెట్టె దానిని కిలోలుగా, గ్రాములుగా మార్చి చూపుతుంది. పాలు పరీక్షించే యంత్రాలలో చాలా వాటిలో చెవికి వినబడని ధ్వని తరంగాలను పాలగుండా పంపి, వాటి వేగాన్ని బట్టి వెన్న, వెన్నేతర ఘనపదార్థాలు ఎంతెంత ఉన్నవో లెక్క కడతారు.

యంత్రాలు మూడైనా సూత్రం ఒకటే. ఒకచోట చిన్న మార్పు పుడుతుంది, తీగల వెంట పెట్టెకు చేరుతుంది, పెట్టె దానిని పెద్దది చేసి చూపుతుంది. దారిలో మురికి ఉంటే పెట్టె మురికిని కూడా పెద్దది చేసి చూపుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగిలినదంతా సులభం.

యంత్రం మంచిదైనా పరిసరాలు తప్పు చెప్పించగలవనుటకు ఒక పాత ఉదాహరణ ఉన్నది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డును ఒకడు తుపాకితో కాల్చాడు. గుండు శరీరంలో ఎక్కడున్నదో కనిపెట్టుటకు టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ ఇటువంటి లోహశోధక యంత్రాన్నే తయారుచేసి తెచ్చాడు. గుండు దొరకలేదు. రోగి పడుకొన్న పరుపు కింద ఉక్కు తీగల అల్లిక ఉన్నదని తరువాత తెలిసింది. మన కాటా కూడా అంతే. గోడకు ఆనిన పలక, కింద ఇరుక్కున్న రాయి, తడిసిన తీగ, వీటివల్ల మంచి యంత్రం కూడా అబద్ధం చెబుతుంది.

ముప్పై గ్రాముల లెక్క

ఇంత చిన్న తేడాకు ఇంత ప్రసంగమా అని ఎవరైనా అనవచ్చు. లెక్క వేద్దాం. ఒక సభ్యురాలు పూటకు 10 కిలోల ఎనుము పాలు పోస్తుందనుకోండి. యంత్రం మురికివల్ల వెన్న 0.3 శాతం తక్కువ చూపితే ఆ పూటకు 30 గ్రాముల వెన్న పోయినట్లు. లెక్క కోసం కిలో వెన్నకు 700 రూపాయలు అనుకొంటే పూటకు 21 రూపాయలు, రోజుకు 42 రూపాయలు, 30 రోజులకు 1,260 రూపాయలు. అది దాణా ఖర్చులో కొంత భాగం. యంత్రం 0.3 ఎక్కువ చూపితే సభ్యులు సంతోషిస్తారు గాని, యూనియన్‌లో ట్యాంకరు పరీక్ష జరిగేసరికి ఆ నష్టం సంఘం మీద పడుతుంది. అది చివరకు బోనసులోనే కోత.

కాటా సంగతి చూడండి. ప్రతి పోతకు 100 గ్రాములు తక్కువ చూపితే, 50 మంది పోసే సంఘంలో పూటకు 5 కిలోలు, రోజుకు 10 కిలోలు. ఎవరూ దొంగిలించలేదు. అయినా పాలు పోయినవి, దానితోపాటు కార్యదర్శి మంచిపేరు కూడా పోయింది.

మేము చూసిన ఒక సంఘంలో, పేరు అవసరం లేదు, తెల్లవారు జామున కాటా మీద ఏమీ లేనప్పుడే 80, 100 గ్రాములు చూపుతుండేది. ఎండ ఎక్కితే అది తగ్గేది. సభ్యులకు కార్యదర్శి మీద అనుమానం కలిగింది. ఊరిలో రెండు పక్షాలు ఏర్పడినవి. కొందరు ప్రైవేటు వారికి పోయడం మొదలుపెట్టారు. చూడగా కేబులు పెట్టెలో కలిసేచోట పాలు చింది ఎండిపోయి ఉన్నవి. రాత్రి తేమకు ఆ పాల పొర తడిసి విద్యుత్తుకు దొంగదారి ఇచ్చేది. పగలు ఎండగానే ఆ దారి మూతపడేది. ఆ చోటును శుభ్రం చేసి ఆరబెట్టి, అందరి ఎదుట తూకపు రాళ్లు పెట్టి చూపిన తరువాత తగవు తీరింది. ఆ పనికి పట్టిన సమయం ఒక గంట.

ముద్ర ఉన్నచోట చేయి పెట్టరాదు

చేయకూడనిది ముందు చెబుతాము. కాటా మీద తూనికలు కొలతల శాఖవారి సీసపు ముద్రగాని, సీలుగాని ఉంటుంది. 2009 లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం ఆ ముద్రను తెంచరాదు. ఎలక్ట్రానిక్ కాటాకు 12 నెలలకొకసారి మరల తనిఖీ చేయించి ముద్ర వేయించవలెను. ముద్ర లోపలి మరమ్మతు లైసెన్సు ఉన్న మరమ్మతుదారుడే చేయవలెను. అతడు చేసిన తరువాత కూడా శాఖవారి ముద్ర పడనిదే కాటా వాడరాదు. కాలిబ్రేషన్ అనే అమరికను మనకు తోచినట్లు మార్చరాదు. పాలు పరీక్షించే యంత్రం అమరిక కూడా అంతే. అది యూనియన్ నిపుణుల పని.

ముద్ర వెలుపల ఉన్నది మన బాధ్యత. పెట్టె పైభాగం, మీటలు, బ్యాటరీ అర, ప్లగ్గు, ఫ్యూజు, కేబులు, కనెక్టర్లు, పలక, పలక కింది నేల ఇవన్నీ మన పనే. చిత్రమేమంటే, మేము చూసినంతలో తగవులు ఎక్కువగా ఇక్కడే పుడుతున్నవి.

పెట్టెకు ఐదుగురు శత్రువులు

మన సీమలో పెట్టెకు మొదటి శత్రువు దుమ్ము. వేసవి గాలికి నల్లరేగడి పొడి, ఎర్రమట్టి పొడి గదిలోకి వచ్చి పడుతుంది. చాలా సంఘాలలో అదే గదిలో దాణా బస్తాలు వేస్తారు. తవుడు దుమ్ము పెట్టెలోకి చేరుతుంది, దానికోసం చీమలు వస్తాయి, చీమలకోసం బల్లి వస్తుంది, బస్తాలకోసం ఎలుక వచ్చి కేబులు కూడా కొరుకుతుంది. రెండవ శత్రువు పాలు. చిందిన పాలు ఎండితే జిగురు, తడిస్తే విద్యుత్తుకు దారి. మూడవది తేమ. గది కడిగేటప్పుడు నీళ్లు చిమ్మి కొట్టడంవల్ల ఇది వస్తుంది. నాలుగవది పురుగు పుట్ర. ఐదవది విద్యుత్తు ఎగుడుదిగుడులు, ఉరుములు మెరుపులు. దాణాను వేరే గదికి మార్చి, పెట్టెకు నేలనుండి ఎత్తులో చెక్క పలక అమర్చి, స్టెబిలైజరు పెట్టి, ఉరిమేటప్పుడు ప్లగ్గు ఊడదీస్తే సగం మరమ్మతు తప్పుతుంది.

శుభ్రం చేసే పద్ధతి

కావలసిన సామాను: మెత్తని పెయింటు బ్రష్షు కొత్తది ఒకటి, పాత నూలుగుడ్డ, దూది పుల్లలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా, పెన్సిలు చెరిపే రబ్బరు, స్క్రూడ్రైవరు, మల్టీమీటరు. పెట్రోలు, కిరోసిను, సబ్బునీరు పెట్టె దగ్గరకు తేరాదు. నోటితో ఊదరాదు, ఊపిరిలో తేమ ఉంటుంది.

మొదట స్విచ్చి ఆపి ప్లగ్గు ఊడదీయవలెను. స్విచ్చి ఆపితే చాలునని కొందరు అనుకొంటారు, చాలదు. తరువాత బ్యాటరీ తీగలు విడదీయవలెను. పది నిమిషాలు ఆగవలెను, ఎందుకంటే లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది.

పెట్టె పైన పొడి బ్రష్షుతో దులపవలెను. పాల మరకలు ఉంటే గుడ్డను నీటిలో ముంచి గట్టిగా పిండి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవవలెను. కనెక్టరును తిన్నగా పట్టుకొని ఊడదీయవలెను. తీగను పట్టుకొని లాగరాదు. పిన్నులమీద పచ్చగా గాని నల్లగా గాని పట్టి ఉంటే రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతే తిరిగి బిగించవలెను. గరుకు కాగితం వాడరాదు. అది తుప్పుతోపాటు పైపూతను కూడా తీసివేస్తుంది. తరువాత తుప్పు మరింత త్వరగా పడుతుంది.

ముద్ర లేని పెట్టె అయితే, ఉదాహరణకు చేతి మెటల్ డిటెక్టరు, స్టెబిలైజరు, బ్యాటరీ ఛార్జరు వంటివి గ్యారంటీ గడువు దాటినవైతే, మూత తీసి లోపల కూడా బ్రష్షుతో దులపవచ్చును. మూత తీసేముందు ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద గుర్తు వేసుకోవలెను. మన పొడి వాతావరణంలో శరీరానికి స్థిర విద్యుత్తు పడుతుంది. కనుక ముందుగా ఎర్త్ చేసిన లోహాన్ని ఒకసారి తాకి, ఆ తరువాతే లోపల చేయి పెట్టవలెను. పలక మీది చిన్న భాగాలను వేళ్లతో తాకరాదు. లోపల తిరుగుడు స్క్రూల వంటి అమరికలు కనబడితే వాటిని కదపరాదు.

బ్యాటరీ

కాటాలలో ఎక్కువగా 6 వోల్టుల సీలు వేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. దానిని పూర్తిగా ఖాళీ అయ్యేవరకు వాడడం, ఖాళీగానే వారాలపాటు వదిలివేయడం, ఈ రెండూ దానిని చంపుతాయి. కరెంటు ఉన్నప్పుడల్లా ఛార్జింగులో ఉంచవలెను. ఛార్జింగు తీసి కొన్ని గంటలు ఆగి మల్టీమీటరుతో చూస్తే 6.3 వోల్టులకు పైన ఉండవలెను. 6 వోల్టులకు దిగితే దాదాపు ఖాళీ అయినట్లే. నిండా ఛార్జి చేసినా నిలవకపోతే, పక్కలు ఉబ్బితే, మార్చవలెను. కొనలమీద తెల్లటి పొడి పట్టి ఉంటే తినే సోడా కలిపిన నీటిలో గుడ్డ తడిపి తుడిచి, తడి లేకుండా చేయవలెను. ఈ పని బ్యాటరీని బయటకు తీసిన తరువాతే చేయవలెను.

చిన్న యంత్రాలలో వేసే ఆల్కలైన్ సెల్లు కారితే వచ్చే తెల్లపొడి దీనికి విరుద్ధమైనది. అది క్షార గుణం కలది. దానికి సోడా పనిచేయదు. నిమ్మరసంగాని వినిగర్‌గాని దూదిపుల్లకు ఒక చుక్క అద్ది తుడిచి, తరువాత ఆల్కహాల్‌తో తుడవవలెను. యంత్రం కొన్నాళ్లు వాడనప్పుడు సెల్లు తీసి ఉంచడమే ఉత్తమం.

ఇక్కడ పాడి రైతులకు ఒక హెచ్చరిక. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీని పగులగొట్టి దిబ్బలో పారవేయరాదు. పశువులు సీసాన్ని నాకుతాయి. అది వాటికి విషం. చూపు మందగించి, వణికి, చనిపోతాయి. పాత బ్యాటరీని అమ్మినవారికే తిరిగి ఇవ్వవలెను.

మనం చేయగల మరమ్మతులు

అసలు వెలగకపోతే మొదట గోడ ప్లగ్గులో కరెంటు ఉన్నదేమో చూడవలెను. తరువాత ఫ్యూజు. ఫ్యూజు మీద ఎన్ని ఆంపియర్లని రాసి ఉంటే అంతే విలువ గలది వేయవలెను. రాగి తీగ పోగు చుట్టి నడిపించడం మన గ్రామాలలో అలవాటు. అట్లా చేస్తే ఫ్యూజు మిగులుతుంది, పెట్టె కాలుతుంది.

అంకెలు ఎగురుతూ ఉంటే కేబులును అంగుళం అంగుళం మెల్లగా కదిపి చూడవలెను. ఒకచోట కదిపినప్పుడు అంకె దూకితే అక్కడ పోగు తెగినట్లు. కరెంటు తీగ అయితే తెలిసిన ఎలక్ట్రీషియను చేత మార్పించవచ్చును. లోడ్‌సెల్ తీగ అయితే తెంచి అతకరాదు. తీగ పొడవు, అతుకు మారినా తూకం మారవచ్చును. అది లైసెన్సుదారుని పని. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును తీసివేయడం ప్రాణాపాయం. తడి నేలమీద, తడి చేతులతో పని చేసేవారికి అదే రక్ష.

ఖాళీ కాటా సున్న చూపకపోతే పలక ఎత్తి కింద చూడవలెను. గడ్డిపోచ, రాయి, చచ్చిన బల్లి ఏదైనా ఉండవచ్చును. నాలుగు కాళ్లూ నేలకు ఆని, నీటి బుడగ మధ్యలో ఉన్నదేమో చూడవలెను. కేనును దభాలున పడవేయరాదు. పలకను వెల్డింగు చేయించవలసి వస్తే లోడ్‌సెల్‌ను ముందుగా విడదీయించవలెను. వెల్డింగు కరెంటు అందులోనుండి పోతే అది చెడుతుంది.

పాలు పరీక్షించే యంత్రం

దీనికి పెట్టెకంటె లోపలి సన్నని గొట్టం ముఖ్యం. అందులో వెన్న పొర, దానిమీద పాలరాయి అనే గట్టి పూత పేరుకొంటాయి. పూట అయిపోగానే గోరువెచ్చని నీటిని, బయటకు తేటగా వచ్చేవరకు ఎక్కించవలెను. మరిగే నీరు పోయరాదు. మాంసకృత్తులు గట్టిపడి అంటుకొంటాయి. రోజూ క్షార ద్రావణంతో, వారానికొకసారి ఆమ్ల ద్రావణంతో, యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన మోతాదులో కడగవలెను. రెండింటికీ మధ్య, చివర మంచినీటితో కడగవలెను. ఆ రెండింటినీ కలపరాదు.

నమూనా తీసేటప్పుడు పాలను నురుగు రాకుండా పైకీ కిందకూ కలపవలెను. గాలి బుడగలు, పులిసిన పాలు ఉంటే యంత్రం తప్పు చెబుతుంది. ఆవు పాలకు ఒక అమరిక, ఎనుము పాలకు ఒక అమరిక ఉంటాయి. పాలు పోసినవారిని అడిగి సరైన మీట నొక్కవలెను.

శుభ్రం చేసిన తరువాత రుజువు

శుభ్రం చేశాము, వెలిగింది, సరిపోయింది అనరాదు. రుజువు కావలెను. కాటాను పావుగంట వెలిగించి ఉంచి, ముద్ర ఉన్న తూకపు రాళ్లు 5 కిలోలు, 10 కిలోలు, 20 కిలోలు పెట్టి చూడవలెను. ఒకే రాయిని మధ్యలో, నాలుగు మూలల్లో పెట్టి చూడవలెను. అన్నిచోట్లా ఒకటే చూపవలెను.

పాల యంత్రానికి గెర్బర్ పరీక్షే సాక్షి. గొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, దానిమీద మెల్లగా 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి, బిరడా బిగించి కలిపి, నిమిషానికి 1,100 చుట్ల వేగంతో 4, 5 నిమిషాలు తిప్పి, 65 డిగ్రీల నీటిలో ఉంచి గీత చదవవలెను. ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, తెలిసినవారే చేయవలెను. ఐదుగురు సభ్యుల పాలు రెండు విధాలా చూసి, తేడా 0.2 దాటుతుంటే యూనియన్‌కు కబురు చేయవలెనని మా సలహా. పాత గెర్బర్ సామానును అటక ఎక్కించిన సంఘాలవారు దయచేసి దించండి.

నీటిలో తడిస్తే

2009 అక్టోబరులో తుంగభద్రకు వచ్చిన వరద మంత్రాలయాన్ని ముంచిన సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. పెట్టె తడిస్తే "పనిచేస్తుందేమో చూద్దాం" అని వెలిగించడమే అన్నిటికంటె పెద్ద నష్టం. తడితో కాలిపోయే పెట్టెలు నీళ్లు పడినప్పుడు కాలవు, వెలిగించినప్పుడు కాలుతాయి. గది కరెంటు మెయిను ఆపి, ప్లగ్గు, బ్యాటరీ తీసి, పైన తుడిచి, నీడలో గాలి తగిలేచోట ఆరబెట్టి, మరమ్మతుదారునికి అప్పగించవలెను. పొయ్యి మీద గాని మండుటెండలో గాని ఆరబెట్టరాదు.

పుస్తకంలో రాయండి

చివరి మాట. శుభ్రం చేసే పని తలుపు మూసుకొని చేయరాదు. కార్యదర్శి ఒక్కడే రాత్రిపూట కాటా విప్పి కూర్చుంటే, ఎంత నిజాయితీపరుడైనా మరునాడు ఊరు మరొకటి అనుకొంటుంది. నెలకొక రోజు నిర్ణయించి, ఉదయం పాలు అయిపోయిన తరువాత, పాలకవర్గ సభ్యుడొకరు, పాలు పోసే సభ్యులిద్దరు ఉండగా చేయవలెను. ఆ ఇద్దరిలో ఒకరు మహిళ అయితే మంచిది, పాలు తెచ్చేది ఎక్కువగా వారే గనుక. ఏమి శుభ్రం చేశారు, రాళ్లు పెడితే ఎంత చూపింది, గెర్బర్‌లో ఎంత వచ్చింది, ముద్ర గడువు ఎప్పటివరకు ఉన్నది, ఇవన్నీ ఒక పుస్తకంలో రాసి, అందరూ సంతకాలు చేయవలెను. మేము తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకంతోపాటు ఈ పుస్తకాన్నీ అడుగుతాము.

సభ్యులకు ఒక మనవి. పాలు పోసేముందు కాటా మీద సున్న ఉన్నదేమో చూడండి. లేకపోతే మర్యాదగా అడగండి. కార్యదర్శులకు ఒక మనవి. అడిగినవారిమీద కోపపడకండి. అడిగే సభ్యుడు సంఘంలో ఉన్నంతవరకు సంఘం నిలుస్తుంది. అడగడం మానేసినవాడు మరునాడు వేరే కేంద్రానికి పోతాడు.